క్షమాభిక్ష - తిరస్కృతి : మరణశిక్షితుల విన్నపముల చరిత్ర

మరణశిక్షకు గురియైన ఖైదీ న్యాయస్థానముల మెట్లన్నియు ఎక్కి దిగిన పిమ్మట రాష్ట్ర గవర్నరునకును, రాష్ట్రపతికిని చేసికొను విన్నపమును మనము తెలుగున ‘క్షమాభిక్ష అర్జీ’ యని వ్యవహరించుచున్నాము. పత్రికలు ఈ పదమునకు విశేషమైన వ్యాప్తిని కలిగించినవి. భిక్ష యనునది అడుగువానికి హక్కు కాదు. పెట్టువానికి విధి కాదు. లేదన్నచో ‘ఎందులకు లేదు?’ అని ప్రశ్నించుట భిక్షుకునకు తగదు. కావున ఈ సమాసమునందే ఒక సిద్ధాంతము ఇమిడియున్నది. అర్జీదారునకు దయను యాచించుటకు మాత్రమే అవకాశము కలదనియు, తిరస్కృతి వెలువడిన వెంటనే వాని కథ ముగిసినదనియు ఈ పదము సూచించుచున్నది.

చరిత్ర ఈ సూచనను సమర్థించుట లేదు. క్షమ లభించిన అర్జీలు ఫైళ్లలో అణగిపోయినవి. తిరస్కృతములైన అర్జీలు న్యాయస్థానములకు చేరి, వానినుండియే ఈ విషయమున చట్టము పుట్టినది. క్షమ పొందు హక్కు ఖైదీకి నేటికిని లేదు. కాని ఆ క్షమను నిరాకరించు విధానముపై వానికి కొన్ని హక్కులు ఏర్పడినవి. ఈ భేదమును కొన్ని నిదర్శనములతో, ముఖ్యముగా ఆంధ్ర తెలంగాణ ప్రాంతములకు సంబంధించిన మూడు వ్యవహారములతో, ఈ వ్యాసమున వివరింపదలచినాము.

ప్రభువు దయనుండి రాజ్యాంగమునకు

ఖైదీలను విడిచిపెట్టు ఆచారము మన దేశమున ప్రాచీనమైనది. రాజు జన్మనక్షత్ర దినమునను, పూర్ణిమలయందును బాలురను, వృద్ధులను, రోగులను, అనాథలను చెరనుండి విడువవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రము విధించుచున్నది. ఇచట గమనింపదగిన అంశమొకటి కలదు. ఈ విడుదలకు ఖైదీ అర్జీ పెట్టుకొనవలసిన పని లేదు. అర్జీ లేనందున తిరస్కృతియు లేదు. దయ ప్రభువునుండి క్రిందికి ప్రవహించినదేగాని, క్రిందినుండి పైకి పోయిన విన్నపమునకు ప్రత్యుత్తరము కాదు.

ఆంగ్లేయుల పాలనలో అర్జీయు, దానితోపాటు తిరస్కృతియు ప్రవేశించినవి. 1775వ సంవత్సరమున కలకత్తాలో కూటలేఖన నేరముపై నందకుమారునకు మరణశిక్ష విధింపబడినది. ఇంగ్లండు రాజు క్షమకై విన్నవించుకొనుటకు వీలుగా శిక్షను నిలుపు అధికారము అచటి సుప్రీంకోర్టునకు ఉండినను, కోర్టు దానిని వినియోగింపలేదు. ఆ యేడు ఆగస్టు 5న ఆయనను ఉరితీసిరి. ప్రధాన న్యాయమూర్తి ఇంపేపై ఇంగ్లండు పార్లమెంటులో మోపబడిన అభియోగములలో ఈ వ్యవహారము ముఖ్యమైనది. 1788లో అది వీగిపోయినది. విన్నపమునకు వ్యవధి నీయకుండుట కూడ ఒక విధమగు తిరస్కృతియే యను వాదము మన దేశ చరిత్రలో ఇంత వెనుకటిదని దీనివలన తెలియుచున్నది.

1898నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 401, 402 సెక్షనులు శిక్షలను నిలుపుటకు, తగ్గించుటకు, మార్చుటకు ప్రభుత్వమునకు అధికారము నొసగెను. 1935నాటి భారత ప్రభుత్వ చట్టము 295వ సెక్షను మరణశిక్షల విషయమున గవర్నరు జనరలునకు అట్టి అధికారము నిచ్చుచు, ఇంగ్లండు రాజునకు గల విశేషాధికారమును అట్లే నిలిపియుంచెను. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము 72వ అధికరణమున రాష్ట్రపతికిని, 161వ అధికరణమున గవర్నరునకును ఈ అధికారమును సంక్రమింపజేసెను. మాటలలో పెద్ద మార్పు లేకున్నను ఆధారములో గొప్ప మార్పు కలిగినది. రాజుయొక్క అధికారము వంశపారంపర్యమైన ఆధిక్యమునుండి వచ్చినది. రాష్ట్రపతి అధికారము ప్రజలు తమకు తామిచ్చుకొనిన రాజ్యాంగమునుండి వచ్చినది. పైగా రాష్ట్రపతి మంత్రివర్గపు సలహాను అనుసరించియే ఈ అధికారమును వినియోగింపవలెనని 1980లో మారూరాం వ్యాజ్యమున సుప్రీంకోర్టు స్పష్టపరచెను. అనగా క్షమాభిక్ష యనబడునది ఆచరణలో హోంశాఖ పరిశీలించి, సిఫారసు వ్రాసి, పై అధికారి సంతకమునకు పంపు పాలనా వ్యవహారమే. పాలనా వ్యవహారమగుటచేతనే ఆలస్యము, అశ్రద్ధ, అసంపూర్ణమైన ఫైలు మున్నగు కార్యాలయ దోషములన్నియు దీనికిని అంటుకొనినవి.

అర్జీ నడచు మార్గము

ఈ మార్గమును సంగ్రహముగ తెలిసికొనుట అవసరము. సుప్రీంకోర్టు అప్పీలును కొట్టివేసిన సమాచారమును జైలు సూపరింటెండెంటు ఖైదీకి తెలుపవలెను. ఆ దినమును మినహాయించి ఏడు దినములలోగా అర్జీ పెట్టుకొనవలెనని చిరకాలము అమలులోనుండిన నిబంధనలు విధించినవి. అర్జీ మొదట రాష్ట్ర ప్రభుత్వము ద్వారా గవర్నరు కడకు పోవును. ఆయన నిరాకరించినచో కేంద్ర హోంశాఖ ద్వారా రాష్ట్రపతిని చేరును. ప్రతి మజిలీయందును తీర్పుల ప్రతులు, పోలీసువారి నివేదికలు, జైలువారి అభిప్రాయములు దానికి జతపడుచుండును.

ఈ మార్గమంతయు కాగితముపై నడచునదే. అర్జీదారు ఎచటను మౌఖికముగ తన మాట వినిపించుకొనడు. తనపై వ్రాయబడిన నివేదికలలో నేమున్నదో వానికి తెలియదు. తుదకు జైలు ద్వారమునుండి లోనికి వచ్చునది తరచుగ ఒక్క వాక్యపు ఉత్తరువు మాత్రమే. ఆ ఒక్క వాక్యమునకు ఎదుట ఖైదీ ఏమి చేయవచ్చునన్నదే ఈ చరిత్ర అంతటికిని మూలప్రశ్న.

భూమయ్య, కిష్టాగౌడు

ఈ ప్రశ్నకు తొలి సమాధానములలో ఒకటి తెలంగాణమునుండి వచ్చినది. ఆదిలాబాదు జిల్లా రైతుకూలీ ఉద్యమమున పాల్గొన్న భూమయ్య, కిష్టాగౌడు అనువారికి హత్యానేరముపై మరణశిక్ష పడినది. వారి క్షమాభిక్ష అర్జీని రాష్ట్రపతి తిరస్కరించెను. వారిని ఉరితీయరాదని దేశమందును, విదేశములందును పలువురు కోరిరి. వారి తరఫు న్యాయవాదులు తిరస్కృతినే న్యాయస్థానమున ప్రశ్నించిరి. వారి చర్యలు స్వార్థమునకై చేసినవి కావనియు, రాజకీయ స్వభావము గలవనియు, ఆ దృష్టితో అర్జీ పరిశీలింపబడలేదనియు వారి వాదము.

1975లో సుప్రీంకోర్టు ఈ వాదమును అంగీకరింపలేదు. నేరముయొక్క రాజకీయ స్వభావమును తూచుట రాష్ట్రపతి పనియేగాని న్యాయస్థానము పని కాదని జస్టిస్ కృష్ణయ్యరు తీర్పు చెప్పెను. అయినను ఆ తీర్పునందు రెండు సూత్రములు వెలువడినవి. ప్రజాధికారము ఎంత ఉన్నతస్థానమున నున్నను దానిని స్వేచ్ఛాచారముగగాని, దురుద్దేశముతోగాని వినియోగించుటకు వీలులేదనునది మొదటిది. ఒక అర్జీని తిరస్కరించినంత మాత్రమున రాష్ట్రపతికిగాని, గవర్నరునకుగాని గల అధికారము ఖర్చయిపోదనునది రెండవది. అనగా ఒకసారి కాదన్నవారు మరల అవునని చెప్పవచ్చును.

ఈ రెండవ సూత్రము అర్జీదారులకు నిజముగ మహోపకారకము. కాని అది ఎవరి వ్యాజ్యమున పుట్టినదో వారికి ఉపయోగపడలేదు. దేశమున అత్యవసర పరిస్థితి అమలులోనుండగా 1975 డిసెంబరు 1న ముషీరాబాదు జైలులో భూమయ్య, కిష్టాగౌడులను ఉరితీసిరి. ఈ వ్యవహారమును రాజకీయ చరిత్రలో భాగముగ పలువురు చర్చించిరి. న్యాయచరిత్రలో దీని స్థానమును కూడ మన పరిశోధకులు గుర్తింపవలసియున్నది. తరువాతి తీర్పులలో ఉదాహరింపబడుచు వచ్చిన కిష్టాగౌడు పేరు అర్జీ నెగ్గినవాని పేరు కాదు, ఓడినవాని పేరు.

కేహార్‌సింగ్ వ్యాజ్యము

1988లో ఈ చట్టము మరియొక మెట్టు ఎక్కినది. ప్రధానమంత్రి ఇందిరాగాంధీ హత్య కేసున మరణశిక్ష పొందిన కేహార్‌సింగ్ అర్జీని తిరస్కరించుచు, సుప్రీంకోర్టు తుదితీర్పు ఇచ్చిన కేసులో సాక్ష్యముల మంచిచెడ్డలలోనికి రాష్ట్రపతి పోజాలడని సమాధానము పంపబడినది. ఆ సంవత్సరము డిసెంబరు 16న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము ఆ అభిప్రాయము సరికాదనెను. రాష్ట్రపతి సాక్ష్యమును తనంతట తాను పరిశీలించి న్యాయస్థానమునకు భిన్నమైన అభిప్రాయమునకు రావచ్చుననియు, దానివలన తీర్పు రద్దు కాదనియు, రెండు అధికారములును వేర్వేరు తలములపై పనిచేయుననియు వివరించెను. తన అధికారపు పరిధిని తప్పుగా గ్రహించి చేసిన తిరస్కృతి నిలువదు గావున ఆ అర్జీని మరల పరిశీలింపవలెనని చెప్పెను.

అయితే అర్జీదారును స్వయముగ వినవలెనన్న కోరికను ఆ ధర్మాసనము అంగీకరింపలేదు. అర్జీ రెండవమారు కూడ తిరస్కృతమైనది. 1989 జనవరి 6న కేహార్‌సింగ్‌ను ఉరితీసిరి. ఇచట కూడ సూత్రము నిలిచినది; ప్రాణము నిలువలేదు. అయినను ‘భిక్ష’ యను భావమునకు ఈ తీర్పు బలమైన దెబ్బ తీసినది. పెట్టువాని ఇష్టముపై మాత్రమే ఆధారపడు భిక్షయైనచో, దానిని పొరపాటు తలంపుతో నిరాకరించినారని ఎవరును అనజాలరు. పొరపాటునకు అవకాశమున్నదనగా అందులో విధి కూడ ఉన్నదనియే అర్థము.

చిలకలూరిపేట వ్యవహారము

కిష్టాగౌడు వ్యాజ్యమునాటి సూత్రము ఫలించుట చూడవలెనన్నచో గుంటూరు జిల్లాకు రావలెను. 1993 మార్చి 8న చిలకలూరిపేట వద్ద బస్సును దోచుకొను ప్రయత్నమున దానికి నిప్పంటించుటచే 23 మంది ప్రయాణికులు సజీవదహనమైరి. ఆ దారుణమునకు బాధ్యులని ఇద్దరు దళిత యువకులకు మరణశిక్ష విధింపబడగా, 1996లో సుప్రీంకోర్టు దానిని ధ్రువపరచెను. 1997లో రాష్ట్రపతి శంకర్‌దయాళ్ శర్మ వారి అర్జీని తిరస్కరించెను. ఉరితీతకు తేదీ కూడ నిర్ణయమైనది.

ఆ దశలో హక్కుల సంఘములవారు, రచయితలు కదలి న్యాయస్థానమును ఆశ్రయింపగా చివరి గడియలలో శిక్ష నిలిచిపోయినది. ఒకమారు తిరస్కృతమైన విన్నపమునే మరల రాష్ట్రపతికి పంపుకొనిరి. 1998లో రాష్ట్రపతి కె. ఆర్. నారాయణన్ వారి శిక్షను యావజ్జీవ కారావాసముగా మార్చెను. మొదటి తిరస్కృతికిని రెండవ నిర్ణయమునకును మధ్య కేసులోని సాక్ష్యము మారలేదు, చట్టమును మారలేదు. మారినవి రెండే: రాష్ట్రపతి మారెను, అర్జీని చదువుటకు వ్యవధి లభించెను.

ఇట్టి మార్పు న్యాయమా యని ప్రశ్నించువారు కలరు. దగ్ధమైన 23 మంది కుటుంబములు ఆ ప్రశ్న నడుగుటకు మొదటి అర్హులు. ఒకే అర్జీకి ఒక రాష్ట్రపతి ‘కాదు’ అనియు, మరియొకరు ‘అవును’ అనియు చెప్పినచో చట్టము వ్యక్తులపై ఆధారపడినట్లే గదా యను ఆక్షేపణ తేలికగ త్రోసివేయదగినది కాదు. దీనికి మా సమాధానము ఇట్టిది. క్షమాధికారము వ్యక్తి వివేకమున కప్పగింపబడినది గావున వ్యక్తిభేదము దానికి సహజము. ఆ భేదమువలన కలుగు అన్యాయమును తగ్గించుటకు ఉపాయము తిరస్కృతిని త్వరపెట్టుట కాదు. కారణములను నమోదు చేయుటయు, సమాచారమును తెలుపుటయు, పునఃపరిశీలనకు తావిచ్చుటయునే. మరణశిక్ష అమలైన పిమ్మట సవరింపదగినది ఏదియు మిగులదు.

క్షమ నిచ్చినచోట కూడ ఇదే కొలత వర్తించునని ఆంధ్రప్రదేశమునకు సంబంధించిన మరియొక వ్యాజ్యము నిరూపించినది. ఒక హత్యకేసు ఖైదీకి మిగిలిన శిక్షను గవర్నరు తగ్గింపగా, హతుని కుమారుడు దానిని ప్రశ్నించెను. 2006 అక్టోబరు 11న ఏపూరు సుధాకర్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఆ ఉత్తరువును కొట్టివేసెను. కులము, మతము, రాజకీయ పక్షము మున్నగు అసంబద్ధ విషయములపై ఆధారపడిన క్షమ చెల్లదని తీర్పు చెప్పెను. ఇచ్చుటకును, నిరాకరించుటకును రెంటికిని కారణము సక్రమముగ ఉండవలెనను నియమము దీనితో సంపూర్ణమైనది.

ఆలస్యము, సమాచారము

తిరస్కృతికి ముందు గడచిన కాలమును గూర్చిన చర్చ వేరొకటి కలదు. అనంతపురము జిల్లా వాడైన జస్టిస్ చిన్నపరెడ్డి 1983లో వదీశ్వరన్ వ్యాజ్యమున, మరణశిక్ష అమలులో రెండేండ్లకు మించిన ఆలస్యము శిక్షను మార్చుమని కోరుటకు ఆధారమగునని చెప్పెను. కాలపరిమితిని ఇట్లు నిర్దేశించుట సరికాదని షేర్‌సింగ్ వ్యాజ్యమున అదే సంవత్సరము మరియొక ధర్మాసనము పలికెను. త్రివేణీబెన్ వ్యాజ్యమున అయిదుగురు న్యాయమూర్తులు రెండేండ్ల నియమమును త్రోసిపుచ్చినను, తుదితీర్పు తరువాత పాలకులు చేయు అకారణమైన ఆలస్యమును న్యాయస్థానము పరిశీలింపవచ్చునని అంగీకరించిరి. చిన్నపరెడ్డిగారు గీచిన గీత చెరిగినది. ఆయన చూపిన బాధ మాత్రము చట్టమునందు నిలిచినది.

తిరస్కృతిని తెలుపు విషయమున దేశము దృష్టి మరలుటకు 2013వ సంవత్సరము కారణమైనది. పార్లమెంటుపై దాడి కేసున శిక్షితుడైన అఫ్జల్ గురు అర్జీని ఫిబ్రవరి 3న రాష్ట్రపతి తిరస్కరింపగా, 9న తీహారు జైలులో ఆయనను ఉరితీసిరి. ఆ వార్త తెలుపుచు స్పీడుపోస్టులో పంపిన లేఖ కాశ్మీరములోని కుటుంబమునకు చేరునప్పటికి ఉరి ముగిసి రెండు దినములైనది. ఆయన నేరమును గూర్చి ఎవరి అభిప్రాయమేదైనను, తిరస్కృతిని ప్రశ్నించుటకు గల అవకాశము ఆ లేఖతోపాటు ఆలస్యమైనదనుట నిర్వివాదము.

మరుసటి యేడు, 2014 జనవరి 21న, శత్రుఘ్న చౌహాన్ వ్యాజ్యమున ప్రధాన న్యాయమూర్తి సదాశివం నాయకత్వమున సుప్రీంకోర్టు 15 మంది శిక్షలను యావజ్జీవముగా మార్చెను. వీరందరి అర్జీలును రాష్ట్రపతి తిరస్కరించినవే. ఆ తీర్పునందలి నియమములు మన విషయమునకు ప్రాణప్రదములు. తిరస్కృతిని ఖైదీకిని, కుటుంబమునకును వ్రాతమూలకముగ తెలుపవలెను. ఆ సమాచారము అందిన దినమునకును ఉరితీతకును నడుమ కనీసము 14 దినముల గడువు ఉండవలెను. తిరస్కృతి పిమ్మట కూడ న్యాయసహాయము లభింపవలెను. కేసు పత్రముల ప్రతులను ఖైదీకి ఈయవలెను. ఉరికి ముందు కుటుంబమును కలిసికొననీయవలెను. ఖైదీ శారీరక, మానసిక స్థితులను వైద్యులు పరీక్షింపవలెను.

ఈ నియమములకును హద్దు కలదని 2015లో తేలినది. బొంబాయి ప్రేలుళ్ల కేసున యాకూబ్ మెమన్ తరఫున పెట్టిన మొదటి అర్జీ 2014లోనే తిరస్కృతమైనది. రెండవ అర్జీ 2015 జూలై 29 రాత్రి తిరస్కృతము కాగా, మరల 14 దినముల గడువు కావలెనని న్యాయవాదులు కోరిరి. సుప్రీంకోర్టు ఆ అర్ధరాత్రి దాటిన పిమ్మట సమావేశమై వాదము విని దానిని నిరాకరించెను. తెల్లవారిన తరువాత నాగపూరు జైలులో ఉరి అమలైనది. మరల అడుగవచ్చును గాని, అడిగిన ప్రతిమారును కాలము ఆగదని దీని తాత్పర్యము.

నూతన శాసనము

2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 472వ సెక్షనులో ఈ అర్జీల విధానము తొలిసారిగా శాసనరూపమున విస్తరముగ చేరినది. అందు మేలైన అంశములు లేకపోలేదు. ఏడు దినములకు బదులు 30 దినముల గడువు లభించినది. గవర్నరు నిరాకరించిన నాటినుండి 60 దినములలో రాష్ట్రపతికి అర్జీ పెట్టుకొనవచ్చును. రాష్ట్రమునుండి అభిప్రాయము, పత్రములు అందిన 60 దినములలో కేంద్రము తన సిఫారసు పంపవలెను. రాష్ట్రపతి నిర్ణయమును 48 గంటలలో రాష్ట్ర హోంశాఖకును, జైలు సూపరింటెండెంటునకును తెలుపవలెను. రాష్ట్రపతి నిర్ణయమునకు మాత్రము గడువు లేదు. సూపరింటెండెంటు ఆ నిర్ణయమును ఖైదీకిని కుటుంబమునకును ఎన్ని గంటలలో తెలుపవలెనో ఆ సెక్షను చెప్పలేదు.

అన్నింటికంటె గమనింపదగినది చివరి ఉపనిబంధన. రాష్ట్రపతి, గవర్నరుల ఉత్తరువుపై ఏ న్యాయస్థానమునను అప్పీలు లేదనియు, ఆ నిర్ణయమునకు ఎట్లు వచ్చిరను ప్రశ్నను ఏ న్యాయస్థానమును విచారింపరాదనియు అది విధించుచున్నది. అప్పీలు లేదనుట క్రొత్త విషయము కాదు. కాని ‘ఎట్లు వచ్చిరి’ అను ప్రశ్నయే కిష్టాగౌడునుండి శత్రుఘ్న చౌహాన్ వరకు సాగిన చరిత్రకంతకును ఆయువుపట్టు. కేహార్‌సింగ్ వ్యాజ్యమున న్యాయస్థానము పరిశీలించినది ఆ ప్రశ్ననే. రాజ్యాంగము నొసగిన 32, 226 అధికరణముల అధికారమును సాధారణ శాసనము హరింపజాలదనునది స్థిరమైన న్యాయసూత్రము. కావున ఈ ఉపనిబంధన ఆ సూత్రముతో ఎట్లు పొసగుననునది ముఖ్యమైన ప్రశ్న. 2024 డిసెంబరు 9న ప్రదీప్ యశ్వంత్ కోకడే వ్యాజ్యమున, అకారణమైన ఆలస్యముచే శిక్ష మారుటను సుప్రీంకోర్టు సమర్థించుచు, క్షమాభిక్ష అర్జీలకై ప్రతి రాష్ట్రమును ప్రత్యేక విభాగమును ఏర్పరుపవలెనని ఆదేశించెను. న్యాయస్థానము ఈ తలుపును పూర్తిగ మూసికొనలేదని దీనివలన ఊహింపవచ్చును.

ఈ నిదర్శనములను కలిపి చూచినచో ఒక క్రమము కానవచ్చుచున్నది. తిరస్కృతి అంతము కాదని కిష్టాగౌడు వ్యాజ్యము, అది తప్పు కావచ్చునని కేహార్‌సింగ్ వ్యాజ్యము, అది మారవచ్చునని చిలకలూరిపేట వ్యవహారము, దానిని సకాలమున తెలుపవలెనని శత్రుఘ్న చౌహాన్ తీర్పు వరుసగా స్థాపించినవి. వీనిలో మొదటి రెండింటి అర్జీదారులు ఉరికంబ మెక్కిరి. తరువాతి రెండింటివారు ముందువారి ఓటమివలన లాభపడిరి. ‘క్షమాభిక్ష’ యను పదము వాడుకలో స్థిరపడినది గావున దానిని మార్చుట మనచేత కాకపోవచ్చును. కాని ఆ పదమును వాడునపుడు, అందలి రెండవ భాగము చరిత్రకు వెనుకబడినదని ఉపాధ్యాయులు విద్యార్థులకు తెలుపుట యుక్తము. జిల్లా న్యాయస్థానములందును, జైలు దస్త్రములందును నిలిచియున్న తెలుగు అర్జీలను, వానిపై వ్రాయబడిన తిరస్కృతి వాక్యములను సేకరించి పరిశీలించుట భాషాశాస్త్రమునకును, చరిత్రకును సమానముగ ఉపకరించు పని. ఒక ప్రభుత్వము ‘కాదు’ అను మాటను ఎట్టి భాషలో చెప్పినదో ఆ వాక్యములే మనకు చెప్పగలవు.